తెరచీర

తెరచీర అనగా ఒక కథలోని ఘట్టాలను వరుసగా రంగులలో చిత్రించిన పెద్ద గుడ్డ. దీనిని జనం ముందు కట్టి, ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ కథ పాడే జానపద కళాకారులకు తెరచీరలవారు అని పేరు. వీరు గొల్లల (యాదవుల) ఆశ్రితులు. వీరి కథలలో ముఖ్యమైనది కాటమరాజు కథ. గోదావరి జిల్లాలలో పాత చీరలను పొరలుగా పరచి కుట్టే బొంతలు కప్పుకొనడానికి ఉద్దేశించినవి. తెరచీర మాత్రం చదవడానికి ఉద్దేశించిన గుడ్డ.

చారిత్రక నేపథ్యం

కాటమరాజు 13వ శతాబ్దికి చెందిన యాదవ వీరుడు. కరువు కాలంలో ఆలమందలను తోలుకొని దక్షిణాన నెల్లూరు సీమకు వెళ్ళాడు. ఆ సీమను ఏలే తెలుగు చోడరాజును వీరగాథలు నల్లసిద్ధి అంటాయి. పచ్చిక మేసినందుకు పుల్లరిగా కోడెదూడలను ఇచ్చేటట్లు ఒప్పందం కుదిరింది. తరువాత వివాదం పుట్టి, కాటమరాజు పుల్లరి నిరాకరించగా, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు వద్ద యుద్ధం జరిగింది.

చోడరాజు పక్షాన పోరాడి మరణించినవాడు ఖడ్గతిక్కన. ఇతడు మహాభారతాన్ని తెనిగించిన తిక్కన సోమయాజికి పెదతండ్రి, పినతండ్రి బిడ్డల వరుసలో సోదరుడు. మొదట యుద్ధం నుండి వెనుదిరిగి వచ్చిన ఇతనికి భార్య స్నానానికి నీళ్ళతోపాటు పసుపు ముద్ద పెట్టి, మంచం చాటు చేసిందనీ, ఆ ఎత్తిపొడుపుకు తిరిగి రణానికి వెళ్ళాడనీ చాటుకథ. బడిలో పిల్లలకు చెప్పేది ఎక్కువగా ఈ కథే. కాటమరాజు పేరు అడిగితే చాలమందికి తెలియదు. పండితుల చాటువులు తిక్కనను నిలిపాయి. గొల్లల పాట, తెరచీర కాటమరాజును నిలిపాయి. యుద్ధం ఒక్కటే. ఒకరికి అది రాజుపట్ల విశ్వాసం, మరొకరికి మందను కాపాడుకొనే హక్కు. రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవడం మేలు. ఇందుకు తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన 'కాటమరాజు కథలు' సంపుటాలు ఎంతో ఉపకరిస్తాయి.

చిత్రణ

ఇటువంటి పటాలకు తెలంగాణలోని చేర్యాల నకాశీ చిత్రకారులు ప్రసిద్ధులు. నేత గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, గంజి, బంక కలిపి పూతలు పూసి, ఆరిన తరువాత ఉడుత వెంట్రుకల కుంచెతో గీస్తారు. నేపథ్యం తరచు ఎరుపు. దేవతామూర్తుల కళ్ళు చివరగా దిద్దుతారు. అప్పటి నుండి అది ఉత్త గుడ్డ కాదు, పూజనీయం.

జీర్ణించిన పటాన్ని నదిలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఈ భావన నుండే వచ్చింది. కొత్త పటం రాయించుకొన్నాక పాతది నీటిపాలవుతుంది. కథ ఏడు వందల ఏళ్ళనాటిదైనా, పాత పటాలు అరుదుగా మిగలడానికి ఇదొక కారణం.