బోనులో పంక్ పాట

డెడ్ కెన్నెడీస్ ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. అయినా మూల్యం చెల్లించాల్సి వచ్చింది

1986 ఏప్రిల్ 15న లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు కలిసి జెల్లో బియాఫ్రా అనే గాయకుడి ఇంటిని సోదా చేశారు. మాదకద్రవ్యాల కోసమో, ఆయుధాల కోసమో కాదు. ఒక ఎల్‌పీ రికార్డు అట్టలో మడిచి పెట్టిన పోస్టర్ కోసం. రెండు నెలల తర్వాత బియాఫ్రాతో పాటు మరో నలుగురిపై కేసు పెట్టారు. మైనర్లకు హానికరమైన సామగ్రిని పంపిణీ చేశారన్నది అభియోగం. నేరం రుజువైతే ఏడాది దాకా జైలు, 2,000 డాలర్ల జరిమానా.

ఆ రికార్డు పేరు ‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’. శాన్‌ఫ్రాన్సిస్కో పంక్ రాక్ బృందం డెడ్ కెన్నెడీస్ 1985లో విడుదల చేసిన మూడో స్టూడియో ఆల్బమ్ అది. జనాన్ని రెచ్చగొట్టడం ఆ బృందానికి కొత్త కాదు. హత్యకు గురైన కెన్నెడీ సోదరులను గుర్తుచేసే పేరు పెట్టుకున్నప్పుడే ఆ పని మొదలైంది. బియాఫ్రా అసలు పేరు ఎరిక్ బౌచర్. అమెరికన్లు ఇష్టంగా తినే జెలటిన్ మిఠాయి పేరును, నైజీరియా అంతర్యుద్ధంలో ఆకలితో మాడిపోయిన బియాఫ్రా ప్రాంతం పేరును కలిపి రంగస్థల నామంగా పెట్టుకున్నాడు. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ పదవికి పోటీ చేసి నాలుగు శాతానికి కాస్త తక్కువ ఓట్లు కూడా తెచ్చుకున్నాడు.

‘ఫ్రాంకెన్‌క్రైస్ట్’ను తిట్లు, కేకలు తప్ప మరేమీ లేని రికార్డు అనుకుంటే పొరబాటే. రెండు నిమిషాల్లో ముగిసే వేగవంతమైన పాటలకు పేరుపడ్డ బృందం ఇందులో నెమ్మదించింది. ఈస్ట్ బే రే గిటార్‌లో కౌబాయ్ సినిమాల నేపథ్య సంగీతం ఛాయలు వినిపిస్తాయి. మొదటి పాట యంత్రాల రాకతో ఉద్యోగం పోగొట్టుకున్న కార్మికుడిది. మరొకటి వియత్నాం నేపథ్యంలోది. ఇంకొకటి 1981లో మొదలైన ఎంటీవీ చానల్‌ను ఉతికి ఆరేస్తుంది. చివరిదైన ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఆఫ్ కరప్షన్’ ఆరు నిమిషాలు దాటుతుంది. రీగన్ పాలన నాటి దేశభక్తి ప్రదర్శనపై అదొక సుదీర్ఘ ప్రసంగం లాంటిది. ఆ పాట రాజకీయాలతో ఏకీభవించాల్సిన పని లేదు గానీ, దేశం పట్ల ఏమీ పట్టనివాడు రాసే పాట మాత్రం కాదది.

కేసు పెట్టింది ఈ పాటల మీద కాదు. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ 1973లో గీసిన ‘ల్యాండ్‌స్కేప్ 20’ చిత్రాన్ని పోస్టర్‌గా రికార్డుతో పాటు ఇవ్వడం మీద. ‘ఏలియన్’ సినిమాకు ఆస్కార్ అందుకున్న గీగరే ఈయన. సంభోగంలో ఉన్న జననాంగాలను ఫ్యాక్టరీలో తయారైన సరుకులా వరుసల్లో పేర్చి చూపే చిత్రమది. ఒకరినొకరు వాడుకుని పారేసే వినిమయ సమాజానికి అదే అసలైన బొమ్మ అని బియాఫ్రా వాదన. దాన్ని అట్టలోనే భాగం చేయాలని ఆయన అనుకున్నా, మిగతా సభ్యులు ఒప్పుకోకపోవడంతో అది విడి పోస్టర్ అయింది. లోపలి చిత్రం కొందరికి జుగుప్స కలిగించవచ్చని రికార్డుపై స్టిక్కర్ కూడా అంటించారు.

ఈ స్టిక్కర్ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ ఏడాది అమెరికాలో పెద్ద గొడవ జరిగింది స్టిక్కర్ల గురించే. సెనెటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్, ట్రెజరీ మంత్రి జేమ్స్ బేకర్ భార్య సుసాన్ బేకర్ తదితరులు 1985లో పేరెంట్స్ మ్యూజిక్ రిసోర్స్ సెంటర్‌ను స్థాపించారు. అభ్యంతరకరమైన పాటలున్న రికార్డులపై హెచ్చరికలు ముద్రించాలన్నది వారి డిమాండ్. అదే ఏడాది సెప్టెంబర్ 19న సెనెట్ కమిటీ విచారణ జరిపితే ఫ్రాంక్ జప్పా, జాన్ డెన్వర్, డీ స్నైడర్ హాజరై వ్యతిరేకించారు. నవంబర్ నాటికి పెద్ద రికార్డింగ్ కంపెనీల సంఘం దారికొచ్చింది. ఆ మహిళలు తయారుచేసిన 15 పాటల జాబితాలో ప్రిన్స్, మడోన్నా, సిండీ లాపర్ ఉన్నారు. పంక్ బృందం ఒక్కటీ లేదు. కోర్టు మెట్లెక్కింది మాత్రం ముందే స్వయంగా స్టిక్కర్ అంటించుకున్న పంక్ బృందం.

ఎలాగంటే, 1985 డిసెంబర్‌లో లాస్ ఏంజెలెస్ శివారు నార్త్‌రిడ్జ్‌లో ఒక టీనేజీ అమ్మాయి ఈ రికార్డు కొన్నది. పోస్టర్ చూసిన తల్లి అధికారులకు ఫిర్యాదు చేసింది. ఆ తల్లి కోపాన్ని తప్పుపట్టలేం. ఆ చిత్రాన్ని తమ పిల్లల చేతిలో చూసి ఊరుకునే తల్లిదండ్రులు అక్కడైనా ఇక్కడైనా అరుదే. ప్రశ్నల్లా ఆ తర్వాత రాజ్యం చేసిన పని గురించే. నిందితుల జాబితాలో బియాఫ్రా, ఆయన రికార్డు సంస్థ ఆల్టర్నేటివ్ టెంటకిల్స్‌ నిర్వహణ చూసిన వ్యక్తి, ఇద్దరు పంపిణీదారులు, చివరికి రికార్డును అచ్చుపోసిన ఫ్యాక్టరీ యజమాని కూడా ఉన్నారు. ఆ రికార్డును అమ్మాయికి అమ్మిన దుకాణాల గొలుసు మాత్రం ఆ జాబితాలో లేదు. కోట్లకు పడగలెత్తిన కంపెనీతో తలపడటం కంటే, చిన్న సంస్థపై కేసు పెట్టి అందరికీ సందేశం పంపడం చవక. ప్రాసిక్యూషన్ వర్గం అప్పట్లో ఈ ఖర్చు లెక్కను దాచుకోలేదు కూడా.

ఐదుగురిలో ముగ్గురిపై అభియోగాలు ముందే వీగిపోయాయి. మిగిలిన ఇద్దరిపై 1987 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో విచారణ జరిగింది. కృతిని మొత్తంగా చూడాలా, లేక ఒక ముక్కను విడదీసి చూడాలా? అశ్లీలత కేసులన్నిటిలోనూ తెగని పేచీ ఇదే. అమెరికా సుప్రీంకోర్టు 1973 నాటి మిల్లర్ కేసులో మొత్తంగానే చూడాలంది. (1964లో రంజిత్ ఉదేశీ కేసులో అనుసరించిన హిక్లిన్ సూత్రాన్ని మన సుప్రీంకోర్టు పక్కనపెట్టడానికి 2014లో అవీక్ సర్కార్ కేసు దాకా పట్టింది.) పోస్టర్ ఒక్కటే చూస్తే ప్రాసిక్యూషన్ పని సులువు. పాటలతో కలిపి చూస్తే కష్టం. జ్యూరీ ముందుకు పాటలూ వచ్చాయి. చివరికి ఏడుగురు నిర్దోషులన్నారు, ఐదుగురు కాదన్నారు. ఏకాభిప్రాయం కుదరలేదు. మళ్లీ విచారణ జరపాలన్న విజ్ఞప్తిని తోసిపుచ్చి న్యాయమూర్తి కేసు కొట్టేశారు.

అంటే కోర్టులో బియాఫ్రా ఓడలేదు. చట్టం దృష్టిలో గెలిచిందీ లేదు. జ్యూరీ తేల్చలేదు కాబట్టి ఆ పోస్టర్ చట్టబద్ధమా కాదా అన్న ప్రశ్నకు జవాబు రాలేదు. ఈలోగా పదహారు నెలలు గడిచాయి. లాయర్ల ఖర్చులకు విరాళాలు పోగుచేయాల్సి వచ్చింది. లేబుల్ దివాలా అంచుకు చేరింది.

కేసు వల్లే బృందం విడిపోయిందని ఇప్పటికీ రాస్తుంటారు. తేదీలు అందుకు ఒప్పుకోవు. డెడ్ కెన్నెడీస్ చివరి కచేరీ 1986 ఫిబ్రవరిలో, అంటే సోదాకు ముందే జరిగింది. విడిపోయే నిర్ణయం అప్పటికే అయిపోయింది. అదే ఏడాది ‘బెడ్‌టైమ్ ఫర్ డెమోక్రసీ’ అనే చివరి ఆల్బమ్ వచ్చింది, విడిపోతున్నట్టు ప్రకటనా వచ్చింది. విచారణ నాటికి కాపాడుకోవడానికి బృందమే లేదు. ఎప్పుడో విడుదలైన రికార్డు కోసం బియాఫ్రా కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ అనుభవాన్నే ప్రసంగాలుగా చెప్పి 1989లో ‘హై ప్రీస్ట్ ఆఫ్ హార్మ్‌ఫుల్ మ్యాటర్’ పేరుతో రికార్డు తెచ్చాడు. 1990లో ఓప్రా విన్‌ఫ్రీ టీవీ షోలో టిప్పర్ గోర్‌తో ముఖాముఖి తలపడ్డాడు.

ప్రాసిక్యూటర్ మైకేల్ గ్వారినో తర్వాతి కాలంలో ఆ కేసు పెట్టడమే తప్పని బహిరంగంగా అన్నారు. కానీ బియాఫ్రా కోర్టు గొడవలు అక్కడితో ఆగలేదు. 1998లో పాత సహచరులే రాయల్టీల విషయంలో ఆయనపై దావా వేశారు. ఈసారి అశ్లీలత, భావప్రకటనా స్వేచ్ఛ ఊసు లేదు. అంతా డబ్బు లెక్కలే. 2000లో జ్యూరీ బియాఫ్రాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2003లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.