ధైర్యం చెప్పడమే కాదు, దాతలనూ చూపిద్దాం

తీవ్రమైన తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కిస్తూ పోతే ఒంట్లో ఇనుము పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే మందులు మానితే గుండె, కాలేయం దెబ్బతింటాయి.

బడిలో మేము చూసిన ఇలాంటి పిల్లలు సూదికి అంతగా భయపడరు. అమ్మ ఫోనులో "ఈసారి రక్తం దొరుకుతుందా?" అని అడుగుతుంటే బెదిరిపోతారు. ఆ తల్లికి ఓదార్పు మాటల కంటే నలుగురు దాతల నంబర్లు ఇవ్వడం మేలని మా అభిప్రాయం.

రంజాన్‌లో పగటిపూట రక్తమిచ్చేవారు తగ్గుతారు. ఇఫ్తార్ చేసి, తగినన్ని నీళ్లు తాగాక ఇవ్వవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు.

జకాత్‌తో మందులకు ఆదుకుంటున్న సోదర సోదరీమణులారా, మీ రక్తం గ్రూపు కూడా సంఘంలో రాయించండి. నిఖా ఖాయం చేసుకునే ముందు పిల్లలిద్దరికీ తలసేమియా రక్తపరీక్ష చేయించండి. చుట్టరికంలో సంబంధమైతే మరీ ముఖ్యం.