పాడయ్యాయా, పాడు చేశామా?

"నీళ్ళు పాడయ్యాయి" అంటాం మనం, వాటంతటవే పాడైనట్టు! పత్తికో మిరపకో మందు కొట్టి, ఆ డబ్బాను కాలవలో కడిగితే? అప్పుడు "పాడు చేశాం" అనాలి కదండీ. సాగర్ కుడికాలువ నీళ్ళే పల్నాడులో ఎన్నో ఊళ్ళ చెరువుల్లోకి, అక్కడినుంచి మన బిందెల్లోకి వస్తాయి. డబ్బా కడిగిన నీళ్ళు స్ప్రేయరులోనే పోసి చేనుకే కొట్టమని మీవారితో చెప్పండి. ఖాళీ డబ్బాలో పప్పులూ నూనెలూ పోయకండి, ఎంత తోమినా సరే.

బోరునీళ్ళ సంగతి వేరు. మన ప్రాంతంలో కొన్నిచోట్ల వాటిలో ఫ్లోరైడు ఎక్కువ. వాటినెవరూ పాడు చేయలేదు, నేలలోని రాళ్ళనుంచే దిగుతుంది. రంగూ వాసనా మారవు కనుక "పాడయ్యాయి" అని మనకి తోచదు. "కాచి తాగుతున్నాంగా" అంటారా? కాస్తే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడు పోదు. పైగా నీళ్ళు ఇగిరినకొద్దీ దాని పాలు పెరుగుతుంది. గుడ్డతో వడగట్టినా అంతే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. పిల్లల పళ్ళమీద సుద్దమచ్చలో గోధుమరంగు చారలో కనిపిస్తే, పేస్టు మార్చి ఊరుకోకండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో బోరునీళ్ళు పట్టి పరీక్షకి పంపించండి. ఈలోగా తాగడానికే కాదు, వంటకి కూడా శుద్ధిచేసిన కాలవ నీళ్ళే వాడండి. బోరునీళ్ళు అంట్లకీ బట్టలకీ ఉంచుకోండి.