పిట్టలు లేని అడవి



హోసూరులో మా బడి ప్రహరీ గోడ పగులులో ఒక రావి మొక్క మొలిచింది. "దీన్ని ఎవరు నాటారురా?" అని అడిగితే, మూడో వరుసలో కూర్చున్న పిల్లవాడు తడుముకోకుండా "కాకి నాటింది సార్" అన్నాడు. వాడి మాట నిజమే అయ్యుండాలి. పండు తిన్న పిట్ట ఎక్కడో వాలి రెట్ట వేస్తుంది, అందులోని గింజ అక్కడ మొలుస్తుంది. ఇది మనందరికీ తెలిసిన సంగతే. మరి ఆ పిట్టలే లేకపోతే అడవి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవి జవాబు చెబుతోంది.

గువామ్ ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉంది. అమెరికా పాలనలోని దీవి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకు, న్యూగినీ ప్రాంతం నుంచి వచ్చిన సరుకుల మాటున గోధుమరంగు చెట్టుపాము ఒకటి అక్కడికి చేరింది. చెట్లెక్కి వేటాడే పామును ఆ దీవి పక్షులు ఎరగవు. రాత్రివేళ అది గుడ్లనూ, పిల్లలనూ, పెద్ద పిట్టలనూ తింటూ దీవి అంతటా పాకిపోయింది. 1980 దశకం ముగిసేసరికి అడవిలో ఉండే 12 రకాల స్థానిక పక్షుల్లో 10 రకాలు అక్కడ కనబడకుండా పోయాయి. దీనికి కారణం ఈ పామేనని 1987లో జూలీ శావిడ్జ్ అనే పరిశోధకురాలు వెల్లడించారు.

గువామ్‌కు ఉత్తరాన రోటా, టినియన్, సైపాన్ అనే దీవులున్నాయి. అక్కడి అడవులూ ఇలాంటివే. కాని అక్కడ ఈ పాము స్థిరపడలేదు, పండ్లు తినే పిట్టలు మిగిలాయి. మన రైతు ఎరువు వేసిన మడినీ, వేయని మడినీ పక్కపక్కన పెట్టి చూసినట్టు, శాస్త్రజ్ఞులు ఈ దీవులను పోల్చి చూస్తున్నారు.

ఆ పని కూర్చున్నచోట అయ్యేది కాదు. పండ్ల కాలం కనిపెట్టి అడవికి వెళ్లాలి. చెట్టు కిందా, చెట్టుకు దూరంగానూ వల గుడ్డతో చేసిన తొట్లు కట్టి, రాలిన గింజలు లెక్కపెట్టాలి. పిట్ట తిని విడిచిన గింజలనూ, గుజ్జు వదలని గింజలనూ వేరువేరుగా విత్తి, ఏవి ఎన్ని మొలిచాయో చూడాలి. ఏ కాలంలో చూశామన్నది కూడా ముఖ్యమే. పురుగులు తినే పిట్టలు లేక గువామ్ అడవిలో సాలీళ్లు పెరిగిపోయాయి. 2012లో వెలువడిన లెక్క ప్రకారం పొరుగు దీవులకంటే ఎండాకాలంలో 2.3 రెట్లు, వానాకాలంలో 40 రెట్లు ఎక్కువ. ఒక్క ఎండాకాలంలోనే వెళ్లి వచ్చినవారికి సగం కథే తెలిసేది.

చెట్ల సంగతి 2017లో బయటపడింది. హాల్డ్రే రోజర్స్ బృందం రెండు రకాల చెట్లను ఎంచుకుని నాలుగు దీవుల్లోనూ పరిశీలించింది. వాటిలో ఒకటి మన ఆయుర్వేద వైద్యులు అగ్నిమంథం పేరుతో దశమూలాలలో వాడే చెట్లలో ఒకటి. పిట్టలు లేనందువల్ల ఈ చెట్ల కొత్త మొలకలు గువామ్‌లో 61 నుంచి 92 శాతం దాకా తగ్గి ఉండవచ్చని వారు అంచనా వేశారు. పండ్లు తల్లి చెట్టు కిందే రాలిపోతాయి. అక్కడ నీడ ఎక్కువ, పోటీ ఎక్కువ, తెగుళ్లూ పురుగులూ ఎక్కువ. పైగా గుజ్జు ఒలిచి గింజను బయటికి తీసేవారు లేరు.

ఇందులో మనం గమనించవలసినది ఒకటుంది. పైకి చూస్తే గువామ్ అడవి ఇప్పటికీ పచ్చగానే ఉంటుంది. నిలబడి ఉన్నవి పిట్టలున్న రోజుల్లో మొలిచిన పెద్ద చెట్లు. అవి కూలినప్పుడు వాటి చోటును నింపే మొక్కలు చాలినన్ని లేవు. ఇంట్లో తాతలు ఉండి మనవలు లేనట్టు. నష్టం జరిగిన రోజున కంటికి కనబడదు, ఒక తరం తర్వాత కనబడుతుంది. గోరువంక జాతికి చెందిన ఒక పిట్ట మాత్రం అక్కడ కొద్ది సంఖ్యలో మిగిలి ఇంకా గింజలు చల్లుతోంది. దాన్ని కాపాడుకోవడమంటే రేపటి అడవిని కాపాడుకోవడమే.

మీ ఇంటి పిల్లల చేత ఈ చిన్న పరీక్ష చేయించండి. వేప పండ్లు రాలే రోజుల్లో ఒక కుండీలో గుజ్జుతో ఉన్న పండ్లు, మరో కుండీలో కాకులు వాలే చెట్టు కింద ఏరిన శుభ్రమైన గింజలు వేయించండి. రోజూ చూసి, మొలకల లెక్క వాళ్లనే రాయమనండి.

మా బడి గోడలోని రావి మొక్కను వేళ్లతో సహా జాగ్రత్తగా తీసి చెరువుగట్టు మీద పెట్టాం. నీళ్లు పోసే వంతు ఆ మూడో వరుస పిల్లవాడిదే.