మీకు తెలుసా? అలలు పేర్చిన చరిత్ర

పురావస్తు తవ్వకాల్లో మామూలుగా లోతుకు పోయేకొద్దీ పాతకాలం బయటపడుతుంది. అలాస్కా వాయవ్య తీరంలోని కేప్ క్రూసెన్‌స్టర్న్‌లో మాత్రం, సముద్రం నుంచి లోపలికి నడిచేకొద్దీ పాతకాలం ఎదురవుతుంది! వేల ఏళ్లుగా అలలు, తుఫాన్లు గులకరాళ్లను ఒడ్డుకు నెట్టి, ఒకదాని ముందు ఒకటిగా 114 గట్లు కట్టాయి. సీల్ వేటగాళ్లు ఎక్కువగా నీటికి దగ్గరి గట్టు మీదే దిగేవారు. ముందు కొత్త గట్టు లేస్తే అక్కడికి మారేవారు.

1958లో ఇక్కడ పరిశోధన మొదలుపెట్టిన పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ గిడ్డింగ్స్ ఈ వరుసను పట్టుకున్నారు. ముందు గట్ల మీద కొన్ని వందల ఏళ్లనాటి ఇళ్లు. బాగా వెనక, దాదాపు 4,000 ఏళ్లనాటి పొయ్యిల బొగ్గు, దాని పక్కనే చిన్నచిన్న సన్నని చెకుముకి రాతి పలుకులు. మధ్యలో ఒకచోట, సుమారు 3,000 ఏళ్లనాటి ఇళ్ల దగ్గర తిమింగలం ఎముకలు, పెద్ద రాతి మొనలు దొరికాయి. ఆ జనం ఎక్కడి నుంచి వచ్చారన్నది ఇంకా తేలని ప్రశ్నే.

తుఫాన్లు ముదిరిన కాలాల్లో సముద్రం పాత గట్లను కోసేసిన గుర్తులూ ఉన్నాయి. అంటే ఈ గట్లు చెప్పేది మనుషుల చరిత్రే కాదు, వాతావరణ చరిత్ర కూడా. ఇప్పుడు సముద్రం ఆలస్యంగా గడ్డకడుతుండటంతో, శరత్కాలపు తుఫాన్లను ఆపే మంచు లేక ఈ తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతోంది.