విషం పేరు తెలిస్తేనే విరుగుడు

2002 అక్టోబరు 23 రాత్రి మాస్కోలోని దుబ్రోవ్కా థియేటర్‌ను చెచెన్ సాయుధులు ఆక్రమించారు. ఎనిమిది వందల మందికి పైగా బందీలయ్యారు. 26 తెల్లవారుజామున రష్యా బలగాలు గాలి గొట్టాల్లోంచి మత్తుమందు వదిలి, తరువాత దాడి చేశాయి. సాయుధులు హతమయ్యారు. దాదాపు 130 మంది బందీలూ మరణించారు. వారిలో తూటాలకు బలైనవారు బహు కొద్దిమంది. మిగిలినవారిని ఆ మందే పొట్టన పెట్టుకుంది.

అది ఏ మందో ప్రాణం కాపాడాల్సిన వైద్యులకు ముందుగా చెప్పలేదు. ఫెంటానిల్ జాతి పదార్థమని ఆరోగ్య మంత్రి ప్రకటించింది 30వ తేదీన. ఈ జాతి మందులు శ్వాసను అణచివేస్తాయి. నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది. కానీ నిమిషాల్లో అందాలి.

పూర్తి గుట్టు విప్పింది బ్రిటన్‌లోని పోర్టన్ డౌన్ రక్షణ ప్రయోగశాల. బతికి బయటపడిన ఇద్దరి దుస్తులను, మరొకరి మూత్రాన్ని అక్కడ పరీక్షించారు. ఇలాంటి పరీక్షలో నమూనాలోని పదార్థాలను ముందు ద్రావకంలోకి దించుతారు. ఆ ద్రవాన్ని ప్రత్యేక పొడి నింపిన సన్నని గొట్టంలోకి పంపితే ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. ఇది లిక్విడ్ క్రొమటోగ్రఫీ. వెంటనే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ అణువును తూచి, ముక్కలు చేసి, ఆ ముక్కలనూ తూస్తుంది. ఆ బరువుల వరుసే దాని వేలిముద్ర. తయారీలో మిగిలిన మలినాలూ ఇలాగే దొరుకుతాయి. మందు ఏ పద్ధతిలో తయారైందో అవి పట్టిస్తాయి.

దుస్తుల్లో కార్ఫెంటానిల్, రెమిఫెంటానిల్ రెండూ దొరికాయి. మొదటిది ఏనుగుల వంటి భారీ జంతువులను మత్తులో ముంచేది. రెండోది శస్త్రచికిత్సల్లో వాడేది. మూత్రంలో దొరికిన నార్‌కార్ఫెంటానిల్, కార్ఫెంటానిల్ శరీరంలోకి చేరిందనడానికి సాక్ష్యం. ఈ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. శాస్త్రానికి అది విజయమే. మృతులకు మాత్రం పదేళ్ల ఆలస్యం.

అకాడమీలో మాకు ముసుగు తొడుక్కోవడం నేర్పారు. పీల్చింది ఏమిటో తేల్చడం ప్రయోగశాల పని. మనకు గ్వాలియర్‌లో డీఆర్‌డీఓ ప్రయోగశాల ఉంది. రసాయన ఆయుధ నిల్వలను 2009 నాటికే నాశనం చేసిన దేశం మనది. ఇలాంటి మందులను గాలిలో వెదజల్లడం శాంతిభద్రతల అవసరాలకైనా ఒప్పందానికి విరుద్ధమని ఆ ఒప్పంద సభ్యదేశాలు 2021లో తీర్మానించాయి. అయినా ఉగ్రవాదికి తీర్మానాలు అడ్డురావు.

అందుకే ఘటనా స్థలంలోనే ప్రాథమిక నిర్ధారణ చేసే పరికరాలు, అంబులెన్సుల్లో నాలోక్సోన్, సైన్యం నుంచి ఆసుపత్రికి నేరుగా కబురు వెళ్లే ఏర్పాటు ఉండాలి. ప్రయోగశాల నివేదిక రోగి మంచం దగ్గరికి చేరాలి. శవపరీక్ష బల్ల దగ్గరికి చేరితే ఏం లాభం?