ఏడవ తంత్రి

మా కళాశాల విద్యార్థి ఒకడు ఒకనాటి సాయంత్రం నల్లని సంచిలో ఒక గిటారును తెచ్చి తెలుగు శాఖ బల్లపై ఉంచాడు. అది ఎవరో వాడి అమ్మివేసినది. మెడ మామూలు గిటారు మెడకన్న వెడల్పు. తంత్రులు ఆరు కావు, ఏడు. వెనుకటి యజమాని దాని పికప్పులు మార్చాడు, బిరడాలు మార్చాడు, గుర్రం కింది చెక్కను తొలిచి వేరొక గుర్రం అమర్చాడు. ఉన్న రెండు పికప్పులలో ఒకటి సరిగా పలకడం లేదు. "సార్, ఇది మార్చిన గిటారా, చెడిపోయిన గిటారా?" అని అడిగాడు.

ఊరక అడిగిన ప్రశ్న కాదది. వాని తండ్రి ఇబ్రహీంపట్నంలో బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. సెలవులలో తండ్రి దగ్గర పనిచేసి కూడబెట్టిన పదకొండు వేల రూపాయలను వాడు ఇంట్లో చెప్పకుండా దీనిపై పెట్టాడు. అమ్మినవాడు తిరిగి తీసుకొననన్నాడు. హెవీ మెటల్ అనే సంగీతాన్ని గూర్చి అంతవరకు మాకున్న పరిజ్ఞానం హాస్టలు గదుల తలుపుల సందుల నుండి వచ్చే హోరు మాత్రమే. అయినా పిల్లవాని ముఖం చూచి, తెలుసుకొని చెబుతామన్నాము. ఆ తెలుసుకొన్నదే ఈ వ్యాసం.

ఏడు తంత్రులన్నంత మాత్రాన తెలుగువారికి వింత తోచనవసరం లేదు. మన వీణకూ ఏడే తంత్రులు. వానిలో నాలుగు మెట్లపై సాగి రాగాన్ని పలుకుతాయి. తక్కిన మూడూ ప్రక్కగా ఉండి తాళానికీ శ్రుతికీ తోడ్పడతాయి. వీణకు మెట్లు 24. కుతూహలం కొద్దీ బల్లపై ఉన్న గిటారు మెట్లను లెక్కించాము, అవీ 24! భేదమెక్కడనగా, వీణ మెట్లు మైనంలో నిలిపినవి, వానిని తీసి సవరించవచ్చును. గిటారు మెట్లు చెక్కలో దిగగొట్టినవి. గిటారు ఏడవ తంత్రి ప్రక్కన నిలిచి తాళం వేసేది కూడా కాదు. అదీ మెట్లపైనే నడుస్తూ, మిగిలిన ఆరింటికన్న మంద్రంగా పలుకుతుంది.

వాద్యాలను ఎలా అమర్చాలన్న చర్చకు మన ఊరితో దూరపు చుట్టరికం ఉంది. ఈ పట్టణం ఎవరి పేర వెలసిందో ఆ ఇబ్రహీం కుతుబ్‌షా, గోలకొండ సింహాసనం ఎక్కకముందు ఏడేండ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. 1550లో గోలకొండకు తిరిగివచ్చి ప్రభువైనాడు. ఆ 1550లోనే రామరాయల ప్రోద్బలంతో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'ని రచించాడు. అందులో ఒక ప్రకరణం వీణను గూర్చినదే. ఏ తంత్రిని ఏ శ్రుతిలో ఉంచాలి, మెట్లను ఎక్కడ నిలపాలి అన్నదే అందలి విచారం. తరువాత తంజావూరు నేలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో వీణకు ఇరవైనాలుగు మెట్ల కట్టడం స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు. మనం నేడు సనాతనమని తలచే వీణ కూడా ఒకప్పుడు మార్చిన వాద్యమే.

ఇక గిటారుకు మంద్ర స్వరం మీద ఇంత మక్కువ ఎందుకు కలిగిందో చూడాలి. 1965లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో, ఇనుప రేకుల కర్మాగారంలో పనిచేసే టోనీ అయోమీ అనే పదునేడేండ్ల కుర్రవాని కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలు యంత్రంలో తెగిపోయాయి. అతడు ఎడమచేతి వాటంవాడు కనుక మెట్లను నొక్కేది ఆ కుడిచేయే. అతడు ప్లాస్టిక్కును కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసుకొన్నాడు, పలుచని తంత్రులు వేసుకొన్నాడు. కొంతకాలానికి శ్రుతిని కూడా దించాడు. 1971లో అతని 'బ్లాక్ సబ్బత్' బృందం వెలువరించిన మూడవ ఆల్బంలో కొన్ని పాటలకు గిటారు మూడు స్వరస్థానాలు కిందికి దిగింది. అలా దించితే తంత్రి బిగువు నూటికి డెబ్బై పాళ్లకు తగ్గుతుంది. గాయపడిన వ్రేలికి అంత సుఖం. నాదం మాత్రం బరువెక్కింది. ఒక కార్మికుని గాయం ఆ సంగీత శాఖకు గొంతును ఇచ్చింది.

కాని ఉన్న తంత్రినే దించుకుంటూ పోవడానికి ఒక హద్దు ఉంది. తంత్రి పలికే స్వరం మూడింటిపై ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. గిటారులో అతి మంద్రమైన తంత్రి సెకనుకు 82 కంపనాలు చేస్తుంది. ఏడవ తంత్రి చేయవలసినవి 62. ఆరవ తంత్రినే అంతకు దించితే బిగువు 56 పాళ్లకు పడిపోయి, అది బట్టలారవేసిన త్రాడువలె ఊగుతుంది. అందుచేత లావు తంత్రిని వేరుగా చేర్చాలి, లేదా మెడను పొడిగించాలి. మామూలుగా 25.5 అంగుళాలుండే తంత్రి పొడవును 27 అంగుళాలు చేస్తే అదే స్వరం వద్ద బిగువు సుమారు 12 పాళ్లు పెరుగుతుంది. అమెరికాలో జార్జి వాన్ ఎప్స్ 1930ల లోనే జాజ్ సంగీతానికి ఏడు తంత్రుల గిటారు చేయించుకొన్నాడు. 1990లో ఐబనెజ్ సంస్థ స్టీవ్ వాయ్ కోసం రూపొందించిన నమూనాతో అది బజారుకెక్కింది. తరువాత ఎనిమిది తంత్రులవి కూడా వచ్చాయి.

ఇదంతా విదేశాల ముచ్చట అని తోసివేయడానికి వీలులేదు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌ను గుర్తు చేసుకోండి. మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తంత్రులు. జంటగా ఉన్నవానిని లాగి గమకం పలికించడం దుస్సాధ్యం. బోలు పెట్టెగల మాండలిన్‌లో మీటిన స్వరం నిలవకుండా ఆరిపోతుంది. ఆయన గట్టి చెక్కతో చేసిన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంటలు తీసివేసి ఒంటి తంత్రులు వేశాడు. మంద్రస్థాయి కోసం అయిదవ తంత్రిని చేర్చాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, బాలుడు విన్నదానిని తంత్రులపై వెదకికొనేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసిననాటికి అతనికి తొమ్మిదేండ్లు. ఈ బొమ్మ వాద్యంపై కర్ణాటక సంగీతమా అని పెదవి విరిచినవారు లేకపోలేదు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేండ్లకే ఆయన కన్నుమూశాడు. బల్లపై ఉన్న గిటారుకు జరిగిన పనులలో ముఖ్యమైనవి శ్రీనివాస్ మాండలిన్‌కు జరిగినవే: తంత్రుల లెక్క మార్చడం, మంద్రానికి చోటు కల్పించడం, విద్యుత్తును తోడు తెచ్చుకోవడం.

ఆ గిటారుపై మా విద్యార్థి రెండు వ్రేళ్లతో పట్టి చూపిన మోత వినగానే మాకు ఎక్కడో విన్నట్లు తోచింది. విచారించగా అది షడ్జమం, పంచమం. మన తంబురా స్వరాలే! యాంప్లిఫయర్ నాదాన్ని ఉద్దేశపూర్వకంగా చీల్చినప్పుడు ఎక్కువ స్వరాలు కలిస్తే గందరగోళం పుడుతుందట; స, ప ల రెంటికే ఆ చీల్పును తట్టుకొని నిలిచే పొందిక ఉంది. ఉర్దూలో వాద్యాన్ని 'సాజ్' అంటారు. 'సాజో సామాన్'లోని సాజ్ కూడా అదే, పనిముట్టు అని అర్థం. పనిముట్టు పనిని బట్టి మారుతుంది.

ప్రశ్న పిల్లవాని గిటారుది కనుక పరీక్షకు పూనుకొన్నాము. తంత్రిని మొదటి మెట్టు వద్దా చివరి మెట్టు వద్దా నొక్కి చూస్తే మెడ వంపు తెలుస్తుంది. కొద్దిపాటి వంపును లోపలి ఇనుప కడ్డీ తిప్పి సవరించవచ్చును. పన్నెండవ మెట్టుపై తేలికగా తాకి మీటిన స్వరం, నొక్కి మీటిన స్వరం ఒకటే కావాలి. ఏడవ తంత్రి లావు కనుక దాని ఆనిక గుర్రంపై మరికొంత వెనుకకు జరగాలి. క్రొత్త గుర్రంలో అందుకు చోటు లేకపోతే ఆ గిటారు ఎన్నటికీ శ్రుతిలో నిలవదు. అప్పుడు అది చెడిపోయినదే. అదృష్టవశాత్తు చోటుంది. బిరడాలు, పికప్పులు ఎప్పుడైనా తిరిగి మార్చుకోదగినవి. తొలిచిన చెక్క ఒక్కటే తిరిగిరానిది.

మిగిలింది పలకని పికప్పు. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ అది. ఉక్కు తంత్రి ఊగినప్పుడు 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ప్రకారం ఆ తీగలో విద్యుత్తు పుడుతుంది. కరెంటు తీగల గుర్రుమోత వినబడకుండా రెండు చుట్టలను ఎదురెదురుగా కలుపుతారు. ఇంతవరకు చెప్పి, "ఇక దీనిని మీ అబ్బా దగ్గరికి తీసుకొనిపో" అన్నాము. వాడు తెల్లబోయాడు. మేమూ వెంట వెళ్లాము.

ఆయన కొడుకును ఏమీ అనలేదు, మా ముఖం చూచి ఊరుకొన్నాడు కాబోలు. పికప్పు విప్పి మీటరు పెట్టాడు. ఒక చుట్ట నాలుగు వేల ఓములు చూపింది, రెండవది ఏమీ చూపలేదు. కళ్లద్దాలు సవరించుకొని, "ఇత్తా బారీక్ తార్!" అని ఆశ్చర్యపోయాడు. ఆయన రోజూ చుట్టే మోటారు తీగ ముందు అది వెంట్రుక. తెగింది లోపల కాదు, టంకం వేసిన కొస వద్ద. పూత గీకి, మరల టంకం వేసి, మీటరు పెట్టి చూచాడు. తరువాత ఎంత పెట్టి కొన్నావని కొడుకును అడిగాడు. వాడు చెప్పాడు. "మోటారుకైతే నన్ను అడిగి కొనేవాడివి" అని మాత్రం అని, గిటారును వాని చేతికిచ్చి, పక్కన విప్పిపెట్టిన బోరు మోటారు వైపు తిరిగాడు. గుర్రం కింది గుంత అలాగే ఉంది.